లింగాల తోటల్లో పిట్టల తుపాకి

పులివెందుల దాటి లింగాల దారి పట్టారా... ఇక రోడ్డుకి రెండు పక్కలా అరటి తోటలే. అరటి అయిపోయిందనుకుంటే చీనీ. చీనీ అయిపోయిందనుకుంటే మళ్ళీ అరటి. మధ్యమధ్యలో ఓ బీడు, ఆ బీట్లో నాలుగు తుమ్మచెట్లు, రేగుకంపలు, వాటి చుట్టూ మేకలు. సీమంటే రాళ్ళూ రప్పలూ కరవేననుకుని వచ్చినవాళ్ళు కాసేపు తికమకపడతారు. ఇంతలో పచ్చి గెలలు నిండా వేసుకున్న లారీ ఎదురొస్తుంది. దానికి దారిద్దామని బండి పక్కకు దించితే గుప్పున లేచే దుమ్ము చెబుతుంది, ఇది సీమేనని!

పులుల మంద తిరిగిన చోటు కాబట్టే పులివెందుల అయిందని ఇక్కడ పెద్దవాళ్ళంటారు. ఆ పులులు ఇప్పుడు పేరులోనే ఉన్నాయి. వాటి కింద బతికిన చిన్నా చితకా జీవాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. కుందేళ్ళు, కౌజులు, గువ్వలు, చిలకలు, ఉడుతలు, నెమళ్ళు, అడవి పందులు... అన్నీ ఉన్నాయి. పైగా కొన్నిటికి ఈ తోటలొచ్చాక తిండికి లోటే లేకుండా పోయింది.

కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టిన చిత్రావతి పుట్టపర్తి మీదుగా వచ్చి, ఈ లింగాల మండలంలోనే పార్నపల్లె దగ్గర కాస్త ఆగుతుంది. అక్కడే చిత్రావతి బ్యాలెన్సింగ్‌ రిజర్వాయరు. అంత పేరు ఎవరూ పలకరు. 'సీబీఆర్‌' అంటే చాలు, బస్సు కండక్టరుకైనా తెలుసు. దీని సామర్థ్యం 10 టీఎంసీలు. చిత్రావతి సొంత నీళ్ళు ఏ ఏడాదో గానీ నిండుగా రావు కాబట్టి గండికోట నుంచి కృష్ణా నీళ్ళను ఎత్తి పోస్తారు. నీళ్ళ వెంట పైరు, పైరు వెంట పిట్ట... పిట్ట వెంట తుపాకి.

అవును, తుపాకి. కడప జిల్లా, తుపాకి అనగానే మీ మనసు ఎటు పోయిందో తెలుసు. అటు వద్దు. ఇది వేరే తుపాకి.

కొట్టంలో వేలాడుతున్నది

అరటి తోటలో కాపలా కొట్టం. నులక మంచం, నీళ్ళ కుండ, మూలన మందు కొట్టే స్ప్రేయరు. నిట్రాడికి కొట్టిన మేకుకి, టార్చి లైటు పక్కనే వేలాడుతోంది ఎయిర్‌గన్‌. చెక్క మడమ మీద రంగు పోయింది. గొట్టం మాత్రం నూనె పెట్టి తుడిచినట్టు మెరుస్తోంది.

"ఇదా సార్‌? పిట్టల తుపాకి. మావోడు బెంగళూరు నుంచి తెచ్చినాడు. దీనికి లైసెన్సు గీసెన్సు ఏం పన్లేదంట" అన్నాడు అరవై దాటిన ఆ తోట పెద్దాయన.

'పన్లేదంట'... ఈ ఒక్క మాట చుట్టే కథంతా ఉంది. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

నిజానికి ఎయిర్‌గన్‌ తెలియని తెలుగువాళ్ళు తక్కువ. తిరునాళ్ళలో, ఎగ్జిబిషన్లో బోర్డుకి రంగురంగుల బుడగలు కట్టి, డబ్బులు తీసుకుని చేతికిస్తారే... అదే ఇది. గొట్టాన్ని మధ్యలో విరిచి కిందికి లాగితే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. గొట్టం చివర సీసపు గుండు పెట్టి మళ్ళీ మూసేయాలి. మీట నొక్కగానే స్ప్రింగు ఒక్కసారిగా సాగి ముందున్న గాలిని నెడుతుంది. ఆ గాలి గుండుని నెడుతుంది. మందుగుండు లేదు, పొగ లేదు, పెద్దగా చప్పుడూ లేదు. గుండుని దగ్గరగా చూస్తే భలే ఉంటుంది. నడుము సన్నగా, అచ్చం ఢమరుకంలా!

ఆటబొమ్మ అనుకుంటాం గానీ దీని చరిత్ర చిన్నదేం కాదు. 1780ల్లోనే ఆస్ట్రియా సైన్యం గాలి తుపాకులు వాడింది. ఇక మన హైదరాబాదీ గగన్‌ నారంగ్‌ 2012 లండన్‌ ఒలింపిక్స్‌లో కంచు పతకం కొట్టింది 10 మీటర్ల ఎయిర్‌ రైఫిల్‌తోనే. అంతకు ముందు 2008 బీజింగ్‌లో అభినవ్‌ బింద్రా బంగారం కొట్టిందీ ఇదే పోటీలో. మన పిట్టల దొర కట్టె తుపాకితో కొట్టిన కోతల్లోని పులులు సరేసరి, అవి లెక్కలోకి రావు!

దయగల వేట ఉంటుందా?

ఇంగ్లండులో ఎయిర్‌గన్‌తో కుందేళ్ళని, అడవి పావురాలని, ఎలుకలని కొట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడ సుమారు 16 జౌళ్ళ శక్తి లోపు ఎయిర్‌ రైఫిల్‌కి లైసెన్సు అడగరు. పక్కనే ఉన్న స్కాట్లండులో మాత్రం 2016 చివరి నుంచి ధ్రువపత్రం తప్పనిసరి. పొలాలను గుల్ల చేసే కుందేళ్ళను కొట్టడం అక్కడి చట్టం ఒప్పుకున్న పనే. అయితే ఆ వేటగాళ్ళు తమకు తాము కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు. జంతువు బాధ పడకూడదు. ఒక్క దెబ్బకే ప్రాణం పోవాలి. 'దయగల వేట' అని దానికి పేరు.

వినడానికి బాగుంది. చేయడానికి ఏం కావాలో చూడండి. పెద్ద తుపాకి తూటాలా ఈ గుండు ఒంటిని చీల్చుకుంటూ పోలేదు. దాని బలం తక్కువ. అందుకే తలలో, మెదడున్న చోట తగలాలి. కుందేలు తలలో ఆ చోటు రూపాయి బిళ్ళంత. పావురంలో అంతకంటే చిన్నది. 30 మీటర్లు దాటితే చాలామంది మీట మీద వేలు పెట్టరు. గాలి వీస్తే మానుకుంటారు. జంతువు కదిలితే మానుకుంటారు. కాగితం గురి మీద వారాల తరబడి సాధన చేస్తే గానీ పొలంలోకి దిగరు. గాయపడ్డదాన్ని వెతికి పట్టుకుని బాధ తీర్చేదాకా ఇంటికి పోకూడదన్నది మరో నియమం.

ఇప్పుడు మన తోటలోకి రండి. సాయంత్రం వెలుగు తగ్గింది. అరటాకులు గాలికి ఊగుతున్నాయి. ఎక్కడో గువ్వ కూసింది. పదో తరగతి చదివే అబ్బి తుపాకి ఎత్తాడు. టప్‌! గువ్వ ఎగిరిపోయింది. "తప్పిందిరా" అన్నాడు పక్కనున్నవాడు.

తప్పిందా?

ఎగిరిన గువ్వకి పొట్టలో గుండు దిగి ఉండొచ్చు. రెక్క ఎముక చిట్లి ఉండొచ్చు. అది ఏ కంపలోనో దూరి, ఒకరోజో రెండు రోజులో కూర్చుని, పిల్లికో నక్కకో దొరుకుతుంది. లేదా ఎవరికీ దొరక్కుండానే పోతుంది. ఎయిర్‌గన్‌తో ఉన్న అసలు చిక్కు ఇదే. చంపినవి లెక్కకొస్తాయి, గాయపడినవి 'తప్పినవాటి' ఖాతాలో పడతాయి. ఇంగ్లండు వేటగాళ్ళ కట్టుబాట్లన్నీ ఆ రెండో ఖాతాని తగ్గించడానికే పుట్టాయి. తుపాకి అక్కడి నుంచి ఇక్కడికొచ్చింది గానీ, కట్టుబాట్లు ఆ పెట్టెలో రాలేదు.

ఇంకో తిరకాసు భాషది. ఇంగ్లండులో బొరియల్లో బతికే చిన్న కుందేలు వేరు, మన బీళ్ళలో గడ్డిపొద చాటున పడుకునే కుందేలు వేరు. ఇది ఇంకాస్త పెద్దది, బొరియ తవ్వదు, లేచిందంటే దుమ్ము రేపుకుంటూ పోతుంది. తెలుగులో రెండిటికీ మాట ఒకటే కావడంతో వీడియోల్లో వాళ్ళు కొట్టేదీ ఇక్కడ పరిగెత్తేదీ ఒకటేనని మన కుర్రాళ్ళు అనుకుంటున్నారు.

'పన్లేదంట' వెనుక...

ఇక లైసెన్సు సంగతి. పెద్దాయన చెప్పిందాంట్లో సగం నిజం. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం గుండు మందం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్ళు దాటని ఎయిర్‌గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. అంతకు మించితే కావాలి. అదీ తుపాకి మాట.

మరి వేట? దానికి లైసెన్సు ఇచ్చే పద్ధతే ఈ దేశంలో లేదు. ఒకప్పుడు ఉండేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినప్పుడు అందులో 'చిన్న వేట' అని ఓ జాబితా కూడా పెట్టారు. కుందేళ్ళు అందులోవే. డబ్బు కట్టి లైసెన్సు తీసుకుని, చెప్పిన కాలంలో కొట్టుకోవచ్చు. 1991లో చట్టాన్ని సవరించి ఆ లైసెన్సులన్నీ తీసేశారు. అప్పుడు తాతయ్యలకు చెల్లిన పని ఇప్పుడు మనవలకు చెల్లదు. ఇళ్ళలో ఆ ముచ్చట్లు మాత్రం ఇంకా చెల్లుబాటు అవుతున్నాయి!

చట్టంలో 'వేట' అన్న మాటకి అర్థం కూడా మనం అనుకునేదానికన్నా చాలా పెద్దది. చంపడమే కాదు... గాయపరచడం, వల వేయడం, ఉరి పెట్టడం, విషం పెట్టడం, తరమడం, గూడు పాడు చేయడం, గుడ్లు చెడగొట్టడం, ఆఖరికి వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. అంటే గురి తప్పినా నేరమే. 2022 సవరణ తర్వాత ఇలాంటి నేరానికి మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నెమలి, కృష్ణజింక, ఉడుము లాంటి మొదటి జాబితా జీవాలైతే తక్కువలో తక్కువ మూడేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఏడేళ్ళు. జాతరలో బుడగ కొట్టిన సరదాకీ దీనికీ మధ్య ఉన్న దూరం పదో తరగతి పిల్లాడికి ఎవరు చెప్పాలి? ఎయిర్‌గన్‌ కొనిచ్చిన నాన్నే చెప్పాలి. ఆయనకే తెలియకపోతే?

తుపాకి ఇంట్లో ఉంటే భయం పిట్టలకే కాదు. 2022లో సంగారెడ్డి జిల్లాలో ఓ ఫామ్‌హౌస్‌లో ఎయిర్‌గన్‌ పేలి నాలుగేళ్ళ పాప చనిపోయింది. ఆ గుండు సీసం కూడా. కొట్టిన పిట్టని కూర వండుకుంటే ఆ సీసపు తునకలు కంచంలోకి వస్తాయి. దొరక్కుండా పోయినదాన్ని గద్దలు తింటే వాటి కడుపులోకి పోతాయి. అమెరికాలో పెద్ద రాబందులు సీసం తిని చచ్చిపోతుంటే కాలిఫోర్నియా రాష్ట్రం 2019 నుంచి వేటలో సీసపు తూటాలనే నిషేధించింది.

ఒక పిట్ట, ఒక తుపాకి, ఒక జీవితం

ఎయిర్‌గన్‌ కథలో కడప జిల్లాకి ఓ చిత్రమైన చుట్టరికం ఉంది. అది తెలియాలంటే 1908 నాటి బొంబాయికి వెళ్ళాలి. తల్లీతండ్రీ లేక మేనమామ ఇంట పెరుగుతున్న ఓ పిల్లాడు బొమ్మ ఎయిర్‌గన్‌తో ఓ పిచ్చుకని కొట్టాడు. కింద పడ్డాక చూస్తే దాని మెడ మీద పసుపు మచ్చ. ఇదేం పిచ్చుక? మేనమామ ఆ పిల్లాడిని బొంబాయి నేచురల్‌ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్‌ పిట్ట పేరు చెప్పి ఊరుకోలేదు. బీరువాలు తెరిచి వందల రకాల పిట్టల్ని చూపించాడు. ఆ పిల్లాడే సలీం అలీ. మన దేశంలో పక్షుల చదువుకి పెద్దదిక్కు. ఆత్మకథకి కూడా ఆ పిచ్చుక పేరే పెట్టుకున్నాడు.

ఆ సొసైటీ మనుషులే 1980ల్లో కడప జిల్లాకి వచ్చారు. కలివికోడిని వెతుక్కుంటూ! 1848లో జెర్డాన్‌ అనే ఇంగ్లిషు డాక్టరు లోకానికి చెప్పిన పిట్ట అది. 1900 ప్రాంతంలో అనంతపురం దగ్గర కనిపించిందని రాసుకున్నాక మళ్ళీ జాడ లేదు. అంతరించిందనే అనుకున్నారు. చివరికి 1986 జనవరిలో లింగాలకి తూర్పున, కడప దాటాక వచ్చే సిద్ధవటం వైపు అడవిలో దొరికింది. దొరికించింది చదువుకున్న శాస్త్రవేత్త కాదు. పిట్టలు పట్టడం తెలిసిన ఓ పల్లెటూరి మనిషి. రాత్రిపూట టార్చి వెలుగు కళ్ళల్లో పడితే ఆ పిట్ట నిలబడిపోతుందని తెలుసు కాబట్టి, తుపాకి లేకుండా, ఉత్త చేతుల్తో పట్టాడు. పట్టిన పిట్ట బతకలేదు గానీ ఆ జాతి ఉందని లోకానికి తెలిసింది. 1988లో అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

ఇక్కడో సంగతి గమనించండి. కలివికోడి ఏ పొదల్లో తిరుగుతుందో, ఏ వేళ బయటికొస్తుందో తెలిసింది వేటగాడికే. ఈ సీమలో వేట కొత్తదేం కాదు. అహోబిలం నరసింహస్వామి పారువేటకి బయల్దేరి ఊరూరా తిరుగుతాడు. తిరుమలలో కనుమనాడు స్వామికి పార్వేట జరుగుతుంది. కన్నప్పగా మారిన తిన్నడు తమ జిల్లావాడేనని కడపవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. వేటంటే అడుగుజాడ చదవడం, గాలి ఎటుందో చూడడం, గంటలు గంటలు కదలకుండా కూర్చోవడం. ఎయిర్‌గన్‌ చేతికొచ్చాక ఆ చదువు పోయింది, మీట నొక్కడం మిగిలింది. నాకైతే ఇది వేట కిందికి రాదనిపిస్తుంది.

రైతు ఏం చేయాలి మరి?

ఇంత విన్నాక పెద్దాయన అడిగాడు. "నువ్వు చెప్పింది బాగానే ఉంది సార్‌. రాత్రి పందులొచ్చి దుంపలు తవ్విపోతే ఎవురొచ్చి కాపాడతారు? నెమిళ్ళు శనగ విత్తనం ఏరుకొని తింటే మల్ల విత్తనం ఎవురిస్తారు?"

న్యాయమైన ప్రశ్న. బ్యాంకు అప్పు తెచ్చి, డ్రిప్పు పైపులు పరిచి, పిలకలు నాటినవాడిని జీవకారుణ్యం పేరుతో కసిరితే అది కూడా కారుణ్యం కాదు. కాకపోతే ఆయన గోడు పందుల మీద. చేతిలో ఉన్నది పిట్టల తుపాకి. పందిని అది ఏమీ చేయలేదు. దెబ్బ తిన్న పంది ఇంకా మొండికేస్తుంది. అంటే పంట పోగొట్టేదాన్ని అది ఆపదు. ఆపగలిగేవి గువ్వలు, కౌజులు. అవి తోటకి చేసే చెరుపేమంత?

పందుల బాధ భరించలేనిదైతే చట్టంలో ఓ దారుంది. పంటకి ముప్పుగా మారిన రెండో జాబితా జంతువులను అదుపు చేయడానికి చీఫ్‌ వైల్డ్‌లైఫ్‌ వార్డెన్‌ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. 11వ సెక్షన్‌. అర్జీ అటవీశాఖ కార్యాలయంలో ఇవ్వాలి. ఆఫీసుల చుట్టూ తిరగాలని తెలుసు. కానీ కరెంటు తీగ పెట్టి అందులో పక్క పొలం రైతే పడితే తిరగాల్సింది కోర్టుల చుట్టూ. నాటుబాంబు కొరికి దవడ పగిలిన ఆవుని ఒక్కసారి చూసినవాళ్ళు మళ్ళీ ఆ మాట ఎత్తరు.

పిట్టలకైతే పాత విద్యలే మేలు. మంచె, దిష్టిబొమ్మ, డబ్బా చప్పుడు, గాలికి రెపరెపలాడే మెరుపు రిబ్బన్లు. ఒకప్పుడు పనికిరాని క్యాసెట్ల టేపు తీసి చేను చుట్టూ కట్టేవాళ్ళు. పాటలు ఎవరివైనా పిట్టలు దగ్గరికొచ్చేవి కాదు! వడిసెల ఉండనే ఉంది. తాడు ఒడిలో రాయి పెట్టి తల చుట్టూ తిప్పి వదిలితే రాయి పైరు మీదుగా పోయి ఎక్కడో పడుతుంది. దాని పని చంపడం కాదు, లేపడం. ఒక్క హెచ్చరిక: ప్లాస్టిక్‌ పైపుతో చేసే కార్బైడ్‌ గన్‌ జోలికి మాత్రం పిల్లల్ని పోనివ్వద్దు. కోతుల్ని తోలడానికి పనికొస్తుందని మొదలైన ఆ వస్తువు 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో వందమందికి పైగా కళ్ళు గాయపరిచింది.

తుపాకులు వదిలేసిన ఊళ్ళూ ఉన్నాయి. అరుణాచల్‌ ప్రదేశ్‌లో వేట బువ్వ పెట్టే పని మాత్రమే కాదు, ఇంటి ఆచారం కూడా. అలాంటి చోట 2021 మార్చిలో ఎయిర్‌గన్‌లను తిరిగి ఇచ్చేయమని ప్రభుత్వం అడిగింది. జనం తెచ్చి ఇచ్చారు. ఒకటీ రెండూ కాదు, రెండు వేలకు పైగా! కొంతమంది ఇళ్ళలో అవి తండ్రుల నాటివి.

ఈ సంగతి చెబితే పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మనవడిని పిలిచాడు. "ఒరే అబ్బీ, ఆ గుండ్ల డబ్బా ఎక్కడ పెట్టినావ్‌?" వాడు చొక్కా జేబులోంచి తీసిచ్చాడు. ఆయన దాన్ని పంచెలో దోపుకున్నాడు. తుపాకి మాత్రం మేకుకి అలాగే ఉంది.

వెళ్ళాలనుకుంటే...

పులివెందుల నుంచి లింగాలకీ, పార్నపల్లెకీ బస్సులున్నాయి. రైల్లో వచ్చేవాళ్ళు ముద్దనూరులో గానీ కడపలో గానీ దిగి పులివెందుల చేరుకోవచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్తే ఎండ బాధ ఉండదు. సీబీఆర్‌ గట్టు మీదికి తెల్లారకముందే చేరుకుంటే మంచిది. పొద్దు పొడిచేసరికి కొంగలూ నీటికాకులూ పనిలో పడిపోతాయి. పిల్లలుంటే ఓ బైనాక్యులర్స్‌, ఓ నోటు పుస్తకం ఇవ్వండి. చూసిన పిట్టల్ని రాసుకోమనండి. తిరిగొచ్చేటప్పుడు తోటల దగ్గర అరటిపళ్ళు తీసుకోవడం మరిచిపోవద్దు. చీనీకాయలు బేరం చేయకుండా కొంటే మాత్రం ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరు!